నెట్ సాకెట్లో టెలిఫోన్ వైరు

చిక్కడపల్లిలో కాగితాల హోల్‌సేల్ వ్యాపారి విశ్వేశ్వరరావు ఆఫీసు. వైర్ల పని చేసే సంతోష్ మీటింగు బల్ల కింద దూరి ఉన్నాడు.

"ఇది ఎవరు పెట్టిన్రు సార్?"

"ఏది?"

"కాన్ఫరెన్సు ఫోనుకు నేను నెట్ వైరు పెట్టి పోయిన. ఇప్పుడు చూస్తే పాత టెలిఫోన్ వైరున్నది."

"ఏమోనయ్యా. ఊడ్చేటప్పుడు యశోదమ్మ కదిపిందేమో."

"కదిపితే ఊడుతది గని మారదు గద! దీని పిన్ను చిన్నది. సాకెట్ల దూరుతది, ఫోను మాత్రం పనిచెయ్యది."

"దూరింది కదా, వదిలెయ్. టీ తాగుతావా?"

"చాయ్ తర్వాత సార్. బేరానికి ముంబై పోయిన మీ కొడుకు ఫణి సార్ పరేషాన్ అయితున్నడు. దుకాణం కొనేటోళ్లు, వకీలు, అందరు లైన్ల ఉన్నరంట. మీరు గూడ లైన్లకొస్తేనే ఫణి సార్ సంతకం పెడ్తడంట."

"నేను పెట్టాల్సినవన్నీ పెట్టే పంపాను."

"సెల్లు కూడ ఎత్తుతలేరంట."

"ఇంట్లో మర్చిపోయానయ్యా."

"మరి ఆ సొరుగుల మోగుతున్నది ఏంది?"

"మోగనీ."

"నాది రెండు నిమిషాల పని. నెట్ వైరు ఏది?"

"కనపడలేదు."

"మీ చెప్పు కింద ఉన్నది. జర కాలు తియ్యుండ్రి."

"తియ్యను."

"పెద్దమనిషి, గిట్ల జేస్తే ఎట్ల సార్? అమ్ముడు ఇష్టం లేకుంటే కొడుక్కు నోటితోని చెప్పుండ్రి. వైర్లు మార్చుడెందుకు?"

"ఇష్టం లేదు. పెళ్ళి కాకముందు నుంచీ కూర్చున్న కుర్చీ. ఎలా ఉంటుంది ఇష్టం?"

"గదే చెప్పుండ్రి మరి. ఆయన మీ మాట దాటడు."

"దాటడు. అదే నా బాధ."

"అర్థం గాలే."

"వాడికి వ్యాపారం పడదయ్యా. గల్లాపెట్టె ముందు కూర్చుంటే జ్వరమొచ్చినవాడిలా ఉంటాడు. అశోక్‌నగర్ కోచింగులో పొద్దున ఒక్క గంట లెక్కలు చెప్పొస్తే, ఆ పూట వాడికి అన్నం సయిస్తుంది. బేరం మంచిది. కొనేవాళ్ళు మంచివాళ్ళు. ఎటు లెక్కేసినా అమ్మటమే."

"అయితె ఫోన్ల 'ఊ' అనుండ్రి, అయిపాయె."

"రాత్రి అద్దం ముందు అని చూశాను. రాలేదు."

"మరి నేనేం చెప్పాలె ఆయనకు?"

"ఈ ఫోను ఇవాళ బాగవదు, నా కోసం చూడకుండా సంతకం పెట్టెయ్యమని చెప్పు. లైన్లోకి వచ్చానంటే నేను వద్దంటాను. నేను వద్దంటే వాడు నా కుర్చీలో కూర్చుండిపోతాడు."