సూర్యకాంతం ఎవరు

కొత్తపేటలో ఒక ఇంటి పెరటి వసారా. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తల్లి సత్యశ్రీ, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు నీహారిక.

"ఇది నువ్వు రాసిందేనా?"

"ఏదమ్మా?"

"నా చేతిలో ఉన్నవి కనపడట్లేదా? ఈ కాగితాలు."

"నా బ్యాగులోంచి ఎందుకు తీసేవు?"

"టిఫిన్ బాక్సు కోసం తీసేను. నువ్వు రాసిందేనా, అది చెప్పు."

"నేనే రాసేను. రేపు సెమినారులో చదవాల్సిన పేపరు. ఇటివ్వు, నలిగిపోతాయి."

"ఇవ్వను. ఇందులో సూర్యకాంతం అని ఎందుకుంది?"

"మామ్మ పేరు కదా అది."

"నీహా, నేనూ ఇంటరు చదివేను. నీ అంత గడగడా రాకపోవచ్చుగానీ, కూడబలుక్కుంటే నాకూ ఇంగ్లీషు అర్థమవుద్ది. ఇది మామ్మగారి గురించి కాదు. పెళ్ళిదాకా మా అమ్మకున్న పేరు అని రాసేవు."

"గట్టిగా అనకు. లోపల మామ్మ పడుకుంది."

"అందుకే మెల్లిగా అడుగుతున్నాను. నీకెవరు చెప్పేరు?"

"ముందు కూర్చో. అసలీ పేపరు దేని గురించో చెప్తాను, విను."

"దేని గురించైతే నాకేం? నాలుగింటికల్లా మీ నాన్న రావులపాలెం నుంచి వచ్చేస్తారు. ఆయనొచ్చేలోపు ఇది తేలిపోవాలి."

"రెండు నిమిషాలమ్మా. యామిని మేడమ్ మాకొక నవల చెప్తున్నారు. అమెరికాలో మారిసోల్ అని ఒక పిల్ల. వాళ్ళ అమ్మానాన్నలు మెక్సికో నుంచి వెళ్ళి అక్కడ బతుకుతున్నారు. తల్లి హోటల్లో గదులు తుడుస్తుంది, తండ్రి ఇళ్ళకి రంగులేస్తాడు. ఈ పిల్లని బళ్ళో వేస్తే, టీచరుకి ఆ పేరు నోరు తిరక్క మేరీ అని రాసేసుకుంది. ఇంక అందరికీ మేరీయే. ఇంట్లో ఒక పిల్ల, బళ్ళో ఇంకో పిల్ల. తనెవరో తనకే తెలీకుండా పెరుగుతుంది."

"పెరిగితే?"

"పదిహేనేళ్ళొస్తే వాళ్ళల్లో పెద్ద ఫంక్షన్ చేస్తారు. మన ఓణీల ఫంక్షన్‌లాంటిదే. చుట్టాలొచ్చేరు, బళ్ళో స్నేహితులూ వచ్చేరు. వాళ్ళందరికీ తెలియాలని కన్నతండ్రే మైకులో మేరీ అని పిలిచేడు. ఆ పిల్ల హాల్లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది."

"వచ్చిందా చివరికి?"

"దేని గురించైతే నాకేం అన్నావు?"

"వెటకారాలొద్దు. వచ్చిందా, లేదా?"

"అసలు పేరుతో పిలిచేకే వచ్చింది."

"అదృష్టవంతురాలు. గుమ్మంలో నిలబడితే చెల్లింది దానికి."

"అదీ కథ. మేడమ్ ఏమన్నారంటే, గైడు చూసి ఎక్కించెయ్యొద్దు, మీ ఇంట్లోనో మీ చుట్టాల్లోనో పేరు పోగొట్టుకున్నవాళ్ళుంటారు, వాళ్ళని ఈ పిల్ల పక్కన నిలబెట్టి రాయండి అన్నారు. పాతిక మార్కులు."

"పేరు పోగొట్టుకున్నవాళ్ళు. అంటే నేనన్నమాట."

"కాదా?"

"కాదు. నాదేం పోలేదు. ఇరవైమూడేళ్ళయింది, అందరూ సత్యశ్రీ అనే అంటున్నారు, పలుకుతున్నాను, బానే ఉంది. ఇది చింపేసి ఇంకోటి రాసుకో."

"రేపు పదింటికి చదవాలి. ఇప్పుడింకోటి ఎక్కణ్ణుంచి తెస్తాను? చింపను."

"క్లాసులో ఎవరెవరుంటారు?"

"నలభైమందిమి."

"మనూరివాళ్ళు?"

"ఉంటారు. సాయి కిరణ్, మాణిక్యాలరావుగారమ్మాయి..."

"చాలు. మాణిక్యాలరావుగారు మీ నాన్నకి పెదనాన్నగారబ్బాయి. రేపు పదింటికి నువ్వు చదివితే, పదకొండుకి వాళ్ళింట్లో, భోజనాలవేళకి మనింట్లో ఉంటుంది ఈ కబురు."

"ఉంటే ఏం? అబద్ధం రాసేనా?"

"నిజం రాసేవు కాబట్టే భయం. నువ్వు రాసిన సూర్యకాంతంగారు ఈ గోడవతలే పడుకునున్నారు. పొద్దున్నే ఆవిడకి కాఫీ ఇచ్చేది నేను. కళ్ళల్లో చుక్కలేసేది నేను. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆ పేరు నా నోటెంట రాలేదు. ఇప్పుడిది ఆవిడ చెవిన పడితే ఏమనుకుంటారు? కోడలు ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని కూతురికి నూరిపోసిందనుకోరా? ఇంక ఆవిడ మొహం ఎలా చూడను నేను?"

"నువ్వు నాకేం చెప్పలేదుగా."

"చెప్పలేదంటే ఎవరు నమ్ముతారు? అందుకే అడుగుతున్నాను. మీ గోపీకృష్ణ మావయ్యేనా?"

"కాదు."

"వాడే. మా తమ్ముడికి కడుపులో మాట ఆగదు."

"మావయ్య కాదన్నానా?"

"మీ నాన్నా?"

"నాన్నకి అసలు గుర్తుందంటావా?"

"గుర్తుంది. పెళ్ళయిన కొత్తలో ఓసారి అడిగేను, మనిద్దరమే ఉన్నప్పుడు ఒక్కసారి నా పేరుతో పిలవండీ అని. పిలవబోయేరు పాపం. నోరు రాలేదు. అమ్మ పేరు పెట్టి పెళ్ళాన్ని ఎలా పిలుస్తానే అన్నారు. ఆయన్ననడానికేముంది?"

"అదే రాసేను. అత్తాకోడళ్ళది ఒకటే పేరైతే కొడుక్కి భార్యని పిలవడానికి ఇబ్బంది కాబట్టి, కోడలి పేరు మార్చేస్తారని. ఎప్పుడూ కోడలిదే ఎందుకు మారాలి అని కూడా రాసేను."

"చూసేను. బియ్యం సంగతీ రాసేవు."

"ఊఁ. బారసాలలో పసిపిల్ల పేరు రాసినట్టు, పళ్ళెంలో బియ్యం పోసి, నీ చేతికి ఉంగరమిచ్చి, సత్యశ్రీ అని మూడుసార్లు రాయించేరని."

"రెండుసార్లే నేను రాసేను. మూడోసారి ఉంగరం వదిలేస్తే పంతులుగారే చెయ్యి పట్టుకుని రాయించేరు. అసలీ బియ్యం సంగతి నీకెలా తెలిసిందే? మీ మావయ్యకి తెలీదది. వాడు పందిట్లో పరిగెడుతున్నాడు. పీటల దగ్గరున్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

"పోనీ అమ్మా, ఒక పని చేస్తాను. సూర్యకాంతం తీసేసి వేరే పేరేదైనా పెట్టి చదువుతాను. ఎవరికీ తెలీదు."

"మళ్ళీనా?"

"ఏంటి?"

"ఏం లేదు. నువ్వు కూడా మారుస్తావా అంటున్నాను."

"అమ్మా..."

"వదిలెయ్. నీకర్థం కాదు."

"మూడో పేజీలో ఖాళీ వదిలేను, చూసేవా? అక్కడేం రాయాలో నాకు తెలీలేదు. టీచరు ట్రైనింగులో సీటొచ్చి ఎందుకు వెళ్ళలేదు నువ్వు?"

"పిల్లలు పుట్టేరు. కుదర్లేదు."

"నేను పుట్టింది ఆ తరవాత రెండేళ్ళకి."

"నీహా, అదొద్దు."

"చెప్పమ్మా."

"సర్టిఫికెట్ల మీద సూర్యకాంతం. రేషను కార్డు మీద సత్యశ్రీ. ఇద్దరూ ఒక మనిషేనని కోర్టు కాగితం పట్టుకు రమ్మన్నారు. మీ తాతగారినడిగితే, మనింటి కోడలి పేరు కోర్టులో చదివించుకోవాలా అన్నారు. అత్తయ్యగారు పక్కనే కూర్చున్నారు, ఏమీ అనలేదు. గడువు దాటిపోయింది. అంతే, పెద్ద కథేం కాదు."

"పెద్ద కథ కాదా? ఈపాటికి నువ్వు టీచరువయ్యేదానివి."

"అవును, టీచర్నే. అది నాకు తెలీదనుకుంటున్నావా? ఇప్పటికీ పొద్దున్న బళ్ళో గంట కొడితే చేస్తున్న పని ఆపేస్తాను. ఇది చదువుతుంటే ఏడుపొచ్చింది నాకు. ఆ వెంటనే నీ మీద కోపమొచ్చింది. నాకు మిగిలింది ఆ పేరొక్కటి, అదీ ఎవరికీ తెలీకుండా దాచుకున్నాను. నన్నడక్కుండా నీ పాతిక మార్కులకి వాడేసుకున్నావు."

"తప్పే. అడగాల్సింది."

"అయితే చింపెయ్."

"ఇప్పుడడుగుతున్నాను. ఇస్తావా?"

"ఆవిడ బతికుండగా ఇవ్వను."

"ఆవిడే చెప్పిందమ్మా."

"ఎవరు?"

"మామ్మ."

"నోర్ముయ్."

"ఒట్టు. పోయిన నెల మామ్మా నేనూ పలివెల గుడికెళ్ళేం కదా. అర్చనకి పూజారిగారు గోత్రం, పేర్లు అడిగేరు. మామ్మ నాన్న పేరు చెప్పింది. ఆ పక్కన నీ పేరు చెప్పాల్సినచోట సూర్యకాంతం అంది. నేను నవ్వి, మామ్మా అది నీ పేరు, అమ్మది చెప్పు అన్నాను. కాదే, మీ అమ్మ పేరే అంది. ఎప్పట్నుంచి అంటే పుట్టినప్పట్నుంచి అంది. బస్సులో వస్తూ అంతా చెప్పింది. నువ్వు ఉంగరం వదిలేసిన సంగతి కూడా చెప్పింది, నేనే రాయలేదు."

"వయసు మీదపడింది. ఏదో తడబడి ఉంటారు."

"తడబడలేదు. నీ పెళ్ళయిన ఏడాది నుంచీ దేవుడి దగ్గర అదే పేరు చెప్తున్నానంది. నువ్వు పక్కనుంటే మాత్రం సత్యశ్రీ అంటుందట."

"నేన్నమ్మను. పీటల మీద మా నాన్నగారు ఎంత బతిమాలేరో నీకు తెలీదు. మా అమ్మ పేరండీ పిల్లకి పెట్టుకున్నాను, ఉంచండీ, ఇంట్లో మీ ఇష్టమొచ్చినట్టు పిలుచుకోండీ అని చేతులు పట్టుకున్నారు. అప్పుడీవిడ తల కూడా ఎత్తలేదు. అలాంటి మనిషి..."

"సత్యా."

"అయ్యో, అత్తయ్యగారు లేచేరు. ఇదిగో, లోపల పెట్టేసెయ్."

"దాచక్కర్లేదే. నేను లేచి చాలాసేపయింది. నా మంచం ఈ గోడ పక్కనే కదా."

"అత్తయ్యగారూ, నేనేం చెప్పలేదండీ దీనికి. పిల్ల మీద ఒట్టండీ. ఏదో కాలేజీలో రాయమంటే..."

"ఆయ్, విన్నాను. నేనే చెప్పేనని అదంటోంది కదా. నిజమే, నేనే చెప్పేను."

"ఎందుకండీ?"

"ముందు కూర్చో."

"కూర్చోనండీ. గుళ్ళో ఇచ్చిన పేరు ఇంట్లో ఎందుకివ్వలేదండీ? ట్రైనింగు సీటు పోతుంటే ఒక్క మాట ఎందుకనలేదండీ?"

"అమ్మా, మెల్లిగా."

"నువ్వుండు. ఇరవైమూడేళ్ళు మెల్లిగానే ఉన్నాను. మీ పేరు మీకుండాలనే కదండీ నాది తీయించేరు? అంత మమకారమా అండీ ఆ పేరు మీద?"

"నీహారికా, రేపు ఆ కాగితం చదువుతావుటే?"

"అమ్మ ఒప్పుకుంటే చదువుతాను మామ్మా."

"అయితే ఇంకో ముక్క రాసుకో. బస్సులో ఇది నీకు చెప్పలేదు. మీ నాన్నక్కూడా తెలీదు. మీ తాతకి తెలుసు, ఆయన పోయేరు."

"ఏంటది?"

"ఉప్పలగుప్తంలో పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరు నూకాలమ్మ. ఈ ఇంటికొచ్చేసరికి మా అత్తగారూ నూకాలమ్మే. పీటల మీద బియ్యం పోసి, సూర్యకాంతం అని నా చేత రాయించేరు."

"అంటే అత్తయ్యగారూ, ఆ పేరు మీది..."

"నాది కాదు. ఏనాడూ కాదు. నీ పెళ్ళినాటికి మా అత్తగారు పోయి ఆరేళ్ళు. మీ నాన్నగారు అలా బతిమాలుతుంటే, నన్ను నూకాలమ్మ అనండీ, మీ పిల్ల పేరు మీ పిల్లకే ఉంచెయ్యండీ అని అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది."

"మరెందుకనలేదండీ?"

"నా పేరు తీసేసిన రోజు నా తరఫున ఎవరూ ఒక్క మాట అనలేదు, నీ తరఫున నేనెందుకనాలి అనుకున్నాను, సూర్యకాంతం."