పన్నెండో మూత

కమ్యూనికేషన్ ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన రాకెట్ సముద్రంలో పడిపోయి మూడు రోజులైంది. ప్రయోగ కేంద్రంలో పనిచేసే ఆ భార్యాభర్తలు వంటింట్లో భోజనానికి కూర్చున్నారు. అతను మెకానిక్, ఆమె తనిఖీ అధికారి. ఆమెకి అయిదో నెల, ముద్ద దిగడం లేదు.

"రాకెట్ రెండో దశ ఇంజను ఎందుకు వెలగలేదో తేలిందండీ. ఎగిరేముందు తీసేయాల్సిన ఎర్ర మూతల్లో ఒకటి దానికే ఉండిపోయిందట. తీసిన మూతలు వేసే పెట్టెలో పదకొండే ఉన్నాయి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తిను."

"పన్నెండూ తీసేశానన్నారు కదా! ఆ మాట నమ్మేగా సంతకం పెట్టాను."

"తనిఖీ అంటే నమ్మడం కాదే, చూడడం. విచారణ కమిటీకీ అదే చెప్పాను."

"కమిటీకా? ఎప్పుడు?"

"పొద్దున. ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఇల్లెలా గడుస్తుంది? పుట్టబోయే బిడ్డకి తల్లి ఇంటిపట్టున ఉండడమే మంచిది."

"వట్టి మనిషివి కాదు, నిచ్చెన ఎక్కొద్దు, నేను చూశానుగా అని బతిమాలింది మీరు కాదూ?"

"నేనే. కానీ అప్పుడు నిచ్చెన కింద మనిద్దరమే కదా ఉన్నాం."

అతను పళ్ళెం ఆమె వైపు జరిపాడు.

"ఇంకాస్త కూర వెయ్యి."