నడుం కింద మచ్చ

గర్భంలో బిడ్డ ఎలా ఎదుగుతుందో ప్రొఫెసరమ్మ చెబుతుండగా లేచి కేకలేసిన తమ్ముణ్ణి, అక్క హాలు బయటికి లాక్కొచ్చింది. మెట్ల దగ్గర కూడా వాడి చెయ్యి వదల్లేదు.

"వదులక్కా! కడుపులో బిడ్డకి తోకుంటుందట, తర్వాత కరిగిపోతుందట! దేవుడు చేసిన మనిషిని కోతికి చుట్టమంటే నోరు మూసుకు కూర్చోవాలా?"

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. వెళ్ళి మైకు లాక్కుంటాను. తోకతో పుట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమను!"

"నీ నడుం కింద ఆ కుట్ల మచ్చ ఎలా వచ్చింది?"

"ఉయ్యాల్లోంచి పడ్డానని అమ్మే కదా చెప్పింది. ఇప్పుడదెందుకు?"

"తోకతో పుట్టినవాణ్ణి చూపించమన్నావుగా." వాడి రెండో చెయ్యి దానంతట అదే నడుం వెనక్కి పోయింది.

"అబద్ధం."

"ఎక్కడో ఒకరికి కరగదట. నీకు కరగలేదు. డాక్టరు కోసి తీసేశాడు. అమ్మ ఏ పాపం చేస్తే ఇలాంటివాడు పుట్టాడోనని నాన్నమ్మ పోయేదాకా సాధించింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ ఒట్టేయించుకుంది."

వాడు తలుపు వైపు చూశాడు.

"అమ్మ ఇంకా లోపలే ఉందా?"

"మూడో వరుసలో. అది ఎవరి పాపమూ కాదని ఆవిడ ఇన్నేళ్ళకి మొదటిసారి వింటోంది. విననివ్వరా."