సూటు అక్కర్లేని ఓడ

గోదావరిఖనిలో ఇంటి ముందు కూర్చుని సారిక ఫోన్‌లో షికారు ఓడలు వెతుకుతోంది. గనిలో పనిచేసి రిటైరైన తండ్రి మత్తయి పక్కనే దగ్గుతున్నాడు. ఇక మందులు పనిచెయ్యవని, ఎక్కడికైనా తిప్పాలనుకుంటే ఇప్పుడే తిప్పమని డాక్టర్ పోయిన వారమే చెప్పాడు.

"బాపూ, ఈ ఓడల రాత్రి బువ్వకు సూటేసుకోవాల్నట."

"ఇంకోటి చూడు బిడ్డా."

"దీంట్ల క్యాజువల్ చాలట."

"రిటైరైనోనికి క్యాజువల్ లీవు ఎవడిస్తడే?"

"లీవు గాదు బాపూ! మామూలు బట్టలు."

"లుంగీ నడుస్తదా?"

"లుంగీ చూస్తే సముద్రంల నూకుతరు."

మత్తయి నవ్వబోతే దగ్గొచ్చింది. సారిక నీళ్లిచ్చింది.

"అక్క పెండ్లికి కుట్టించిన సూటుంది గదా. మొదటి ఓడే మంచిగుంది. ఒక్క పూట ఏసుకో."

"వద్దు. నిన్ననే ఇస్త్రీ చేయించి బీరువల పెట్టిన."

"మంచిదే గదా మరి!"

"పులుసు వడితే మరక పోదు బిడ్డా. నన్ను పెట్టెల పండవెట్టినంక చర్చోళ్లంతా వచ్చి చూస్తరు."

ఫోన్ మీద సారిక వేలు అలాగే ఆగిపోయింది.

"ఏమైందే? ఆ సూటు తొడిగేలోపల ఓడెక్కాలె గదా. జల్ది బుక్ చెయ్యి."