మెల్వీనా అత్త పోల్చలేని మనిషి

ఏవిటీ, మెల్వీనా అత్తా? ఆవిడ పేరు నీకెవరు చెప్పారే? మీ అమ్మా? మీ అమ్మకేం తెలుసు, అప్పుడు నిన్ను చంకనేసుకుని పాల డబ్బాల కోసం తిరుగుతోంది. కూర్చో, చెప్తాను. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఆఁ, అందులో. అత్తంటే నాకేం మేనత్త కాదులే. మన న్యూఫౌండ్‌లాండ్ రేవుల్లో తల నెరిసిన ఆడమనిషినల్లా అత్తా అనే కదా పిలుస్తాం. మా పక్కిల్లే ఆవిడది. ఇప్పుడా టొరంటో వాళ్ళు కొనుక్కుని ఊదారంగు పూశారు చూడు, అదే. మొగుడు పోయాక ఒక్కత్తే ఉండేది. నోరు మాత్రం... అబ్బో. పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే మూడో బెంచీలోంచి, "ఇంట్లో దుంపలు మాడిపోతున్నాయి బాబూ, మోషేని త్వరగా కొండ దింపెయ్" అనేది, చర్చంతా వినపడేట్టు.

ఆవిడ గొప్పంతా క్రిస్మస్ వేషాల్లో చూడాలి. ఇప్పుడు మీరు ఫోటోల కోసం వేస్తున్నారు గానీ, అప్పుడలా కాదు. మొహానికి దిండు గలీబో కిటికీ తెరో కప్పుకుని, మగాళ్ళు గౌన్లూ ఆడాళ్ళు వేట కోట్లూ తొడిగి, వీపున మూట కట్టి గూని పెట్టి, చేతులు చూసి పోల్చేస్తారని వాటికి మేజోళ్ళు వేసుకుని మరీ వచ్చేవాళ్ళు. గొంతు తెలిసిపోకూడదని ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడేవాళ్ళు. "వేషాల్ని... రానిస్తారా..." అని, ఇదిగో ఇలా. అమ్మా, ఇప్పుడు చేస్తే దగ్గొస్తోంది. లోపలికొచ్చి గంతులేస్తే ఎవరో ఏవిటో ఇంటివాళ్ళు పోల్చాలి. పేరు చెప్పేశారా, ముసుగు తియ్యాల్సిందే, కేకు తినాల్సిందే, రమ్ము తాగాల్సిందే. చెప్పలేకపోయారా, ముసుగుతో వచ్చినవాడు ముసుగుతోనే పోతాడు. మెల్వీనా అత్త వంటింట్లో మాత్రం ఎవడి ఆటా సాగేది కాదు. ఓసారి నేను మీ బ్లాంచ్ మామ్మ గౌను తొడుక్కుని, ముందొక దిండూ వెనకొక దిండూ కట్టుకుని వెళ్ళాను. గుమ్మంలోనే, "గార్లండూ, ఆ దిళ్ళు నీ పెళ్ళానివే గానీ ఆ బాతునడక నీదే, తియ్" అంది. నా పరువు గంగలో కలిసింది.

ఒక్కణ్ణి మాత్రం పోల్చలేకపోయేది. పండగ పన్నెండు రోజుల్లో ఆఖరి రోజు, వేషాలన్నీ సద్దుమణిగాక, ఒక్కడూ వచ్చేవాడు. పొడుగాటి మనిషి, పాత రబ్బరు కోటు, మొహానికి లేసు తెర, ఎడంకాలు కాస్త ఈడుస్తాడు. వాడు సెల్బీ అని రేవంతటికీ తెలుసు. కుక్కలక్కూడా తెలుసు, మొరిగేవి కావు. ఈవిడ సొంత తమ్ముడే! ఈవిడకి మాత్రం తెలీదు. కళ్ళజోడు సవరించుకుని, "ఎవరబ్బా ఇది? పాస్టరుగారా? కాదా? హార్వీగాడా? వాడి మొహం, వాడింత బాగా ఎక్కడ ఆడతాడు" అనేది. నేను అకార్డియన్ వాయించేవాణ్ణి, వాడు ఆడేవాడు, ఈవిడ చప్పట్లు కొట్టేది. తర్వాత పొయ్యి పక్కన కూర్చునేవాడు. మాటా పలుకూ ఉండదు. ఆవిడ అల్లుకుంటూ ఉంటుంది, వాడు చూస్తూ ఉంటాడు. లేచి వెళ్తుంటే కేకు గుడ్డలో కట్టి ఇచ్చి, "ఎవరైతేనేం, చలిలో పడి వచ్చాడు పాపం" అనేది మాతో.

ఎందుకంటావేం, వస్తున్నా, అక్కడికే వస్తున్నా. చేపలు తగ్గిపోయాయని గవర్నమెంటు కాడ్ చేపల వేట బందు పెట్టింది కదా, ఆ ఏడు మొదలైంది ఇదంతా. రేవు రేవంతా చావింట్లా ఉండేది. నవంబరులో మంటలు వేస్తాం చూడు, పాత చెక్కలూ టైర్లూ పోగేసి, వాళ్ళ నాన్న పడవని తెచ్చి సెల్బీ ఆ మంటలో తోసేశాడు. వేటే లేనప్పుడు పడవెందుకని. గవర్నమెంటు మీద కోపం దాని మీద తీర్చుకున్నాడు. తండ్రి చేత్తో చెక్కిన పడవది. అక్క పరిగెత్తుకొచ్చేసరికి అంటుకుపోయింది. ఊరందరి ముందూ అంది, "ఇంక నీ మొహం నాకు చూపించకు" అని. ఇద్దరూ ఇద్దరే. ఆవిడ అన్నమాట వెనక్కి తీసుకోదు, వాడు తప్పయిందనడు. మొహం చూపించొద్దంది కదా, ఏడాదికోసారి మొహం చూపించకుండా వచ్చేవాడు. ఏళ్ళ తరబడి ఆ అక్కాతమ్ముళ్ళ చుట్టరికమంతా ఆ ఒక్క సాయంత్రమే. మిగతా రోజుల్లో కొట్లో ఎదురుపడితే ఈవిడ పిండిబస్తా వంక, వాడు మేకుల డబ్బా వంక చూసేవాళ్ళు. నవ్వకే, మీ ఇళ్ళల్లో లేవూ ఇలాంటివి?

ఇదిగో అలా ఉండగా ఆ మాయదారి రోగం వచ్చింది. నీకు కథలా ఉంటుంది గానీ, అప్పుడు మేం ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని బతికాం. చర్చి మూత, హాలు మూత, చచ్చిపోతే మోసేవాళ్ళు లేరు. న్యూఫౌండ్‌లాండ్ అంతటికీ ఒకటే రూలు పెట్టారు, ఒకిల్లు ఇంకొక్క ఇంటితోనే కలవాలని. ఇంక చూడు, పెళ్ళి సంబంధాలు వెతికినట్టే! వాళ్ళు మమ్మల్ని కాదని వీళ్ళతో కలిశారని అలకలు, ఏడుపులు. మెల్వీనా అత్త మాతో కలిసింది. సెల్బీ ఎవరితోనూ కలవలేదు. అప్పటికే వాడికి దగ్గు. ఊపిరితిత్తుల్లో ఏదో పాత జబ్బు. వాడు దగ్గితే జనం రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్ళు. "ఇది ఆ దగ్గు కాదురా వెధవల్లారా, ఇది నా సొంతం" అని అరిచేవాడు. బ్లాంచ్ ఉండబట్టలేక, "సెల్బీ ఒక్కడే ఉన్నాడత్తా" అంది. "ఎవరా సెల్బీ?" అంది ఈవిడ, పిండి పిసుకుతూ. పిసికి పిసికి ఆ రోజు నుంచీ రొట్టె ఒకటి ఎక్కువ కాల్చేది. "గార్లండూ, దీన్ని ఆ కొండ కింద ఇంటి గేటుకి తగిలించు, ఎవరిదో ఏంటో నాకేం తెలీదు" అనేది. నేను తగిలించేవాణ్ణి. మర్నాటికి గుడ్డసంచీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి గేటు మీద ఉండేది. ఆవిడ దాన్ని విప్పి చూసి, "బాగానే ఉతికాడు" అనేది. ఎవరు అని నేనూ అడిగేవాణ్ణి కాదు.

కొట్లో అందరూ మాస్కులేగా. ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "ఏడాదంతా వేషాలే, ఒక్కడూ గంతెయ్యడు, ఇదేం పండగ" అనేది. డిసెంబరొచ్చింది. రేడియోలో చెప్పేశారు, ఈసారి వేషాలు లేవు, జత కలిసిన ఇంటికి తప్ప ఎవరింటికీ ఎవరూ వెళ్ళకూడదని. అదే వారం బ్లాంచ్‌కి ఇంకో కబురు తెలిసింది. సెల్బీని పండగ అవగానే సెయింట్ జాన్స్ ఆస్పత్రిలో చేరమన్నారట. చేరితే చూడ్డానికి ఎవర్నీ రానివ్వరు. అవును, ఎవర్నీ. ఆ రోజుల్లో అంతే. వెళ్ళి ఆవిడకి చెప్పింది. ఆవిడ లేచింది. అలమరలోంచి ఎండు ద్రాక్షలు తీసి నానెయ్యడం మొదలెట్టింది. ఎప్పటంత కేకూ చేసింది. "ఎవరొస్తారనత్తా ఇంత?" అంటే, "రాకపోతే మీ ఆయన ఉన్నాడుగా, వాడికేం చేటు" అంది. పండగ రోజులన్నీ సాయంత్రమయ్యేసరికి వంటింటి కుర్చీలు గోడకి జరిపి, ఆడ్డానికి చోటు చేసి, కిటికీ దగ్గర కూర్చునేది. నాకు చూళ్ళేక బయటికెళ్ళి అక్కర్లేని కట్టెలు చీల్చేవాణ్ణి.

ఆఖరి రోజు రానే వచ్చింది. ఇంకా వెలుగుండగానే, మంచులో కాలీడ్చుకుంటూ వస్తున్నాడు. అదే రబ్బరు కోటు, అదే లేసు తెర. తలుపు దాకా రాలేదు, కిటికీకి దూరంగా పెరట్లో నిలబడ్డాడు. చెయ్యి ఊపాడు. ఆవిడ నా వైపు తిరిగి, "వాయించు" అంది. నేను అకార్డియన్ తీశాను. అద్దం మూసే ఉంది, వాడికి ఏ మాత్రం వినపడిందో మరి, ఆడాడు. మంచులో, బూట్లతో. రెండు చుట్లు తిరిగాడో లేదో దగ్గు ముంచుకొచ్చింది. బట్టలారేసే గుంజ పట్టుకుని వంగిపోయాడు. నా చేతులు ఆగిపోయాయి. "వాయించరా, ఆపావంటే వాడు ఆగిపోతాడు" అని కసిరింది. కాస్త తేరుకుని మళ్ళీ నిలబడ్డాడు. ఇంక ఆవిడ వంతు. ఎప్పట్లాగే అద్దంలోంచి, "పాస్టరుగారా?" అని అరిచింది. వాడు తల అడ్డంగా ఊపాడు. "హార్వీగాడా?" అడ్డంగా ఊపాడు. ఇంకో పేరు రాలేదు ఆవిడ నోటికి. నోరు తెరుస్తోంది, మూస్తోంది. వాడు కాసేపు చూసి, ఆట అయిపోయిందనుకుని, తల పంకించి వెనక్కి తిరిగాడు.

కిటికీ బిగుసుకుపోయి ఉంది చలికి. నేను సాయం పట్టేలోగానే ఒక్క తోపు తోసింది, గాలి వంటింట్లోకి కొట్టింది. "సెల్బీ!" అంది. ఎన్నేళ్ళయిందో ఆవిడ వాణ్ణి ఆ పేరు పెట్టి పిలిచి. వాడు ఆగాడు గానీ తిరగలేదు. "పేరు చెప్పాను. రూలు రూలే. నీ మొహం చూపించు." తిరిగి, తెర ఎత్తాడు. కింద ఆస్పత్రి మాస్కు! నీలం రంగుది! నాకు నవ్వాగలేదు, ఆవిడకీ ఆగలేదు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. "అదీ తియ్యరా సన్నాసీ!" "దగ్గుతున్నానే అక్కా, నీకంటుకుంటే?" "అయితే దూరం జరిగి తియ్!" గుంజ అవతలికి జరిగి తీశాడు. బొమికలు తప్ప ఏమీ లేవు మొహంలో. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. "అచ్చం నాన్నలా అయిపోయావురా." "ఊరుకో, ఆయన అందగాడు." తర్వాత వాడే అన్నాడు, "పడవ... తప్పు చేశానక్కా." "చేశావు. నేనూ చేశాను. నీకన్నా ఎక్కువ రోజులు చేశాను." కేకు గుడ్డలో కట్టి కిటికీ బయట గట్టు మీద పెట్టి, తను వెనక్కి జరిగింది. వాడొచ్చి తీసుకుని, మొహం కప్పుకోకుండానే వెళ్ళాడు కొండ దిగి. ఆవిడ కిటికీ మూయనివ్వలేదు. పొయ్యి ఆరిపోయినా మూయనివ్వలేదు.

పోయాడు, వసంతంలో, ఆస్పత్రిలోనే. పక్కన ఎవరూ లేరు. ఫోనులో మాట్లాడుకునేవాళ్ళులే అప్పటిదాకా, రోజూ, ఏం మాట్లాడుకునేవాళ్ళో, ఎక్కువ పోట్లాటలే వినపడేవి. ఖననానికి పదిమందినే రానిచ్చారు. అక్కడ ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చాక నాతో, "గార్లండూ, ఒక్క మాటరా. వాడి పేరు ఏ ఏడన్నా అనుండొచ్చు" అంది. 

ఆ రోగం పూర్తిగా తగ్గాక మళ్ళీ వేషాలొచ్చాయి, గుంపులు గుంపులుగా. అందరం ఎగబడి ఆవిడింటికే వెళ్ళాం, పోల్చి చెప్తుంటే సరదా కదా. ఆట లేదు, ఏమీ లేదు. తలుపు తీస్తూనే, "నువ్వు హార్వీవి. నువ్వు డల్సీవి. నువ్వు డల్సీ కూతురివి. తియ్యండి, తియ్యండి, మొహాలు చూడనివ్వండి" అనేది. ఇంకా గుమ్మంలోనే ఉండేవాళ్ళం, ఒక్క గంతన్నా వేసేవాళ్ళం కాదు. "ఆట పాడుచేస్తున్నావత్తా" అని అందరూ గోల. "చేస్తాను" అనేది. ఒక్కొక్కళ్ళ బుగ్గలూ రెండు చేతుల్తో పట్టుకుని చూసేది, చిన్నాపెద్దా లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గుమ్మంలోంచి ఒక్కణ్ణి కూడా ముసుగుతో పోనివ్వ...

ఊఁ. చీకటి పడేట్టుంది. ఆ దుంపలు ఇలా పట్రా, తొక్క తీద్దాం.