నాలుగు రోజుల్లో నలభై ఒక్క నవలలు

ఒక ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. ఈ టీ కొట్టు దగ్గరున్న ఏడుగురిలో, ఊరూ పేరూ తెలియని మనిషి తనంతట తానే అచ్చేసుకున్న నవలని, ఎవరూ బతిమాలకుండా, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. కండక్టర్ బాబాయ్, మీరెత్తింది రెండో టీ కోసం, అది లెక్కలోకి రాదు.

చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. అందుకే లైబ్రరీవాళ్ళు ఆ పని నాకు అప్పజెప్పారు. మొన్న డిబేట్‌లో నేను అవతలి జట్టుని నోరెత్తకుండా కూర్చోబెట్టిన రోజు లైబ్రేరియన్ గారు ముందు వరసలోనే ఉన్నారు. ఇంత మాట్లాడే పిల్ల ఎంత చదివి ఉంటుందో అనుకున్నారట పాపం. పిలిచి నలభై ఒక్క నవలలు ఇచ్చారు. అవే ఈ రెండు సంచులు. హత్యలు, దెయ్యాలు, ప్రేమ, యుద్ధాలు, సైన్సు, ఇంటి గొడవలు, ఏది కావాలంటే అది ఉంది. వీటిలో పది ఏరి, ఒక్కోదాని మీద నాలుగు మాటలు రాసివ్వాలి. ఆ పదీ లైబ్రరీలో అడుగుపెట్టగానే కనబడే అరలో ఏడాదిపాటు ఉంటాయి. మిగతావి రాసినవాళ్ళ ఇంటికి వెనక్కి. ఐదింటికల్లా జాబితా ఇచ్చేయాలి. మన టైలరక్క నవల కూడా ఇందులో ఉంది కాబట్టి ఏవి ఏరానో చెప్పను. న్యాయం న్యాయమే.

"నేనేం అడగలేదుగా," అంది టైలరక్క. ఆమె చేతిలో టీ తొరక కట్టేసింది.

"నలభై ఒకటీ ఎన్నాళ్ళలో చదివావు?" అన్నారు లెక్కల మాస్టారు.

నాలుగు రోజులు మాస్టారూ.

"రోజుకి పది. ఒకటి మిగులుతుంది."

అది ఇక్కడికి నడిచొస్తూ చదివాను. నవ్వకండి, మొదలుపెట్టినప్పుడు నేనూ అందరిలాగే చదివాను. ముందు హత్య నవల తీశాను. పన్నెండో పేజీకల్లా హంతకుడెవరో పట్టేశాను.

"హత్య ఎన్నో పేజీలో జరిగింది?"

ఇరవయ్యో పేజీలో. అదేగా మరి గొప్ప. చచ్చేవాడికే ఇంకా తెలియదు, నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుస్తకంలో రచయిత నంబరుంటే ఫోన్ చేసి, అయ్యా, మీ వంటవాడేగా అన్నాను. ఆయన, అమ్మా, రాసిన నాకే నూట ఎనభయ్యో పేజీ దాకా తెలియలేదు, నీకెలా తెలిసింది అన్నారు. వంటవాడి చేత నేను తప్పు ఒప్పించేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు.

"మరి దెయ్యాల నవల?" అంది టీ కొట్టు పిన్ని. ఆమెకి దెయ్యాలంటే ఇష్టం.

అక్కడికే వస్తున్నా పిన్నీ. నేను జడుసుకునే రకమా? దెయ్యం వచ్చే వాక్యంలో భయంకరమైన, వికృతమైన, బీభత్సమైన అని మూడున్నాయి, రెండు కొట్టేశాను. దెయ్యానికి ఒళ్ళు మండిపోయింది. పేజీలోంచి సరాసరి దిగి మా వంటగది గట్టు మీద కూర్చుంది. కూర్చుని, సరే, ఇంకేం కొట్టేయాలో చెప్పు అంది. ఇద్దరం కలిసి మూడు అధ్యాయాలు బాగుచేశాం. తన గురించి తనకి తెలిసినట్టు రచయితకి ఎక్కడ తెలుస్తుంది చెప్పండి?

"మీ అమ్మ కంటబడలేదా?" అన్నాడు కండక్టర్ బాబాయ్.

పడింది. గట్టు తుడిచాను, దిగమ్మా అంది. దిగింది. మా అమ్మకి దెయ్యమైనా ఒకటే, నేనైనా ఒకటే. అసలు గొడవ యుద్ధం నవలతో వచ్చింది. వీధి తలుపు తీసి చదవడం నా పొరపాటు. యుద్ధం మొదలయ్యే పేజీ తిప్పానో లేదో, నాలుగు వేల గుర్రాలు.

"మీ ముందుగది కొలతలు ఎంత?" అన్నారు మాస్టారు.

పది అడుగులు బై పన్నెండు. అందుకే ఒకదాని వెనక ఒకటి పంపించాను. మధ్యాహ్నం భోజనాల దాకా పట్టింది.

"అన్నిటికీ టికెట్ కొట్టావా?"

మీ డ్యూటీ మీది, నా డ్యూటీ నాది బాబాయ్. సేనాపతి ఆగి, పిల్లా, ఈ యుద్ధంలో గెలుపెవరిది అని అడిగాడు. రెండొందల పేజీల తర్వాత చెప్తాను, ముందు గుర్రాన్ని సోఫా మీంచి దింపమన్నాను. ఇక సైన్సు నవల ఉందే, అది చదువుతుంటే కాలం వెనక్కి నడిచింది. సోమవారం మొదలుపెట్టి, ఆదివారానికి పూర్తిచేశాను. అంతకు ముందు రోజు ఆదివారానికి. కాబట్టి మాస్టారూ, నాలుగు రోజులు ఎలా సరిపోయాయని మీరు తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. నా దగ్గర ఇంకో రోజు మిగిలింది, ఎవరికైనా కావాలంటే తీసుకోండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ బూడిదరంగు అట్ట నవల ఒక్కటీ ఒక ఎత్తు. ఎవరిదో చెప్పను. అందరూ అలా అక్క వంక చూడకండి, నేను చెప్పనన్నానుగా. నూట పన్నెండో పేజీ దగ్గర నాకు ఏడుపు మొదలైంది. మేముండేది రెండో అంతస్తు. కింద అత్తయ్యగారు వాన అనుకుని ఆరేసిన బట్టలు తీసేసుకున్నారు. నీళ్ళ ట్యాంకరు మా వీధి మలుపు దాకా వచ్చి, ఇక్కడ అవసరం లేదులే అని వెనక్కి తిరిగిపోయింది. అయినా వదల్లేదు, మూడుసార్లు చదివాను. తిప్పీ తిప్పీ పేజీలు ఉల్లిపొరలైపోయాయి. ఇప్పుడు ఫ్యాను వేస్తే చాలు, ఆ పుస్తకం దానంతట అదే తెరుచుకుంటోంది.

"దానంతట అదే తెరుచుకుంటోందా?" అంది టైలరక్క.

రెపరెపలాడుతూ అక్కా.

"నిజానికి నేను నీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను," అంది ఆమె గ్లాసు పక్కన పెట్టి. "యాభై కాపీలూ నేనే కుట్టుకున్నాను. జిగురు ఆరేదాకా కాగితాలు విచ్చుకోకుండా, తెరిచేవైపు ఒక కచ్చాకుట్టు వేశాను. చొక్కా చేతులకి ముందు వేసి తర్వాత లాగేస్తామే, ఆ కుట్టు. ఆరాక దారాలన్నీ లాగేశాను. ఒక్కదానికి మాత్రం మర్చిపోయాను. ఏ కాపీకో అని ఇంట్లో ఉన్న నలభై తొమ్మిదీ తెరిచి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. బయటికి వెళ్ళింది నీ దగ్గరికొచ్చిన ఒక్కటే. పాపం ఎలా చదువుతుందో, విసుగొచ్చి పక్కన పడేస్తుందేమోనని ఇంకో కాపీ తెచ్చాను."

అవునా అక్కా.

"సంచీ తియ్యమ్మా," అన్నాడు కండక్టర్ బాబాయ్.

తీస్తాను బాబాయ్, ఎక్కడికి పోతుంది. ఇది కాదు. ఇదీ కాదు. ఆ, ఇదిగో. ఉంది. ఎర్రదారం. పైనుంచి కిందిదాకా.

"దెయ్యం చదివిపెట్టి మళ్ళీ కుట్టేసిందేమోలే," అంది పిన్ని.

నవ్వండి, పర్వాలేదు. కుట్టేసిన పుస్తకాన్ని కూడా చదవొచ్చని ఐదు నిమిషాలు వాదించి మీ అందరి చేతా అవుననిపించగలను. అనిపించను. నలభై ఒకటిలో నేను చదివినవి తొమ్మిది. మిగతావి అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలు చూసి సరిపెట్టాను. పది పేర్లూ రాసేశాను. అక్కా, నీ నవల అందులో నాలుగోది. రోజూ ఎదురుపడతావు, లేకపోతే నీ మొహం ఎలా చూడాలని రాశాను.

"తీసెయ్," అంది టైలరక్క.

అక్కా, ఆ పదిలో ఉంటే ఏడాదిపాటు...

"నాకు తెలుసు ఏడాదిపాటని. మూడేళ్ళు మిషను ఆపినప్పుడల్లా రాసుకున్నాను. చదివి బాగోలేదంటే తిరిగి ఇంటికి తెచ్చుకుంటాను, పెట్టుకోవడానికి చోటుంది. చదవకుండా బాగుందంటే ఆ మాట ఎక్కడ పెట్టుకోను?"

ఎవరూ నవ్వడం లేదేం? ఇందాకటి నుంచీ నవ్వారుగా. సరే. జాబితా ఇదిగో, చించేశాను. పిన్నీ, నీ ఫోన్ ఒకసారి ఇవ్వు. లైబ్రేరియన్ గారూ, నేనేనండీ. ఐదింటికి జాబితా రాదండీ. చదవలేదండీ. అవునండీ, డిబేట్‌లో మాట్లాడింది నేనేనండీ. రెండు వారాలు ఇవ్వండి, చదివినవాళ్ళ సంతకాలతో తెస్తాను. తిట్టండి, కానీ ఇవ్వండి. ఉంటానండీ.

ఇచ్చారు. ముందు తిట్టారు.

ఇప్పుడు వినండి. ముప్ఫై రెండున్నాయి. అక్కది ఇందులో పుస్తకం ఉంది కాబట్టి అక్క తీర్పు చెప్పకూడదు. మీరు ఆరుగురు, నేనొకదాన్ని.

"తలా నాలుగు. నాలుగు మిగులుతాయి," అన్నారు మాస్టారు.

ఆ నాలుగూ నావే, ఎందుకో అడక్కండి. అక్క నవల మాత్రం నేను ముట్టుకోను, ఇప్పుడు నా నోటివెంట బాగుందన్నా దానికి విలువ లేదు. మాస్టారూ, అది మీరు తీసుకోండి, మీరు ఎవరికీ అర మార్కు కూడా ఊరికే వేసినవారు కాదు. అక్కా, ఆ దారం నువ్వే లాగి ఇవ్వు. బాబాయ్, సంచీలో చెయ్యిపెట్టి వచ్చింది తీసుకోండి, బొమ్మ చూసి మార్చుకోవడం కుదరదు. అట్ట వెనక్కి తిప్పకండి. బాగుంటే ఎన్నో పేజీలో బాగుందో రాయండి, విసుగొస్తే ఎన్నో పేజీలో వచ్చిందో రాయండి. చదవడం ఆపేస్తే ఆపేశానని రాయండి, నాలాగా ఏడవకండి.

రండి, తీసుకోండి. మాస్టారూ, మీరు మొదటి పేజీ తెరిచి పైకి చదవండి, నేను నోరు మూసుకుని వింటాను.