ఆకుపచ్చ దారం కుట్టు

2003 వేసవి, రోహిణి కార్తె. నిడదవోలు స్టేషన్ ఎదురుగా వెంకటరాజు టీ కొట్టులో చిట్టియ్య బల్ల మధ్యకి జరిగి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా లైబ్రరీ పుస్తకాలకి బైండింగు ఆయనదే. ఆకుపచ్చ దారం కనబడితే చాలు, అది చిట్టియ్య కుట్టేనని ఊళ్ళో అందరూ ఎరుగుదురు. ఆ కుట్టు మరీ బిగువైపోయి, పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆగిపోయిందని నాలుగు రోజులుగా ఊళ్ళో మాట. ఇవాళ ఆ నోళ్ళు మూయించాలని వచ్చాడాయన.

"ఆగిందా? ఎవడన్నాడండి? రాజమండ్రి నుంచి స్కానర్ తెచ్చారా, అద్దం మీద పుస్తకం బోర్లిస్తే కింద దీపం పాక్కుంటూ పోతుంది, అచ్చు చూసి కంప్యూటరు అక్షరాలు గుర్తుపడుతుంది. ముందు పశువైద్యం పుస్తకం పెట్టారు. నా కుట్టాయె, ఎంత తెరిచినా పడుకోదు, మడత దగ్గర అక్షరాలన్నీ నీడలో వంగిపోయాయి. 'కుట్టు కోసేద్దామండి' అన్నారు. నేను బతికుండగానా! అట్ట మీద చెయ్యేసి ఒక్క నొక్కు నొక్కాను. అక్షరాలు బడిపిల్లల్లా వరసకట్టి నిలబడ్డాయి!"

"ఒక్క చేత్తోనేనండీ?" అన్నాడు వెంకటరాజు గ్లాసు అందిస్తూ.

"ఎడంచేత్తో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దీపం పేజీ దాటుకుని నా చేతికి తగిలింది, కంప్యూటరు నా అరచేతి గీతలు చదివేసి తొంభై ఆరేళ్ళు బతుకుతానని కాగితం మీద వేసిచ్చింది."

"ఆ కాగితం ఏదండీ?"

"ఉండవయ్యా, అసలుది విను. ఇంకాస్త నొక్కాను. చెదలు తినేసిన అక్షరాల్ని చెదపురుగుల కడుపులోంచి చదివింది. ఇంకాస్త నొక్కాను. తాళం వేసిన బీరువాలో పుస్తకాలన్నీ చదివింది. ఇంకాస్త నొక్కేసరికి, అప్పుడే స్టేషన్లోకొచ్చిన తుని పాసింజర్లో ఒకాయన జేబులో టిక్కెట్టు..."

"బండి లేటని కూడా చెప్పిందేంటండీ?"

"చెప్పింది! ఇంత నొక్కినా నా కుట్టులో ఒక్క పోగు తెగితే ఒట్టు!"

అప్పుడే లైబ్రేరియన్ రత్నమాణిక్యం గారు గొడుగు ముడుచుకుంటూ వచ్చి, సంచిలోంచి చిన్న కత్తి తీసి ఆయన ముందు పెట్టారు.

"నిన్న మా బల్ల మీద మర్చిపోయారండి చిట్టియ్యగారూ."

కత్తి నిండా ఆకుపచ్చ పోగులు అంటుకుని ఉన్నాయి. కొట్టంతా గొల్లున నవ్వింది.

చిట్టియ్య తాపీగా టీ ఊదుకున్నాడు.

"సరేనండి. ఆ పుస్తకానికి ఇంకో ప్రతి లేదు, పని సాగకపోతే మిషను సాయంత్రం బండికి వెనక్కి వెళ్ళిపోతుందన్నారు, కోశాను. ముందు వాళ్ళు కొయ్యబోతే రెండు బ్లేడ్లు విరిగాయా లేదా, చెప్పండి మేడం."

"మూడండి."

"విన్నారా! నా కుట్టు తెంచడం కూడా నా ఒక్కడివల్లే అయింది!"

ఈసారి ఆవిడ కూడా నవ్వేశారు.

ఆ వేసవిలో చిట్టియ్య పదిహేడు పుస్తకాల కుట్లు తన చేత్తోనే కోశాడు. పదహారింటిని మళ్ళీ కుట్టాడు. పశువైద్యం పుస్తకం కాగితం సూదికి ఆగలేదు; అది ఆకుపచ్చ దారం చుట్టిన విడికాగితాల కట్టగా లైబ్రరీలో ఉండిపోయింది.